నాయిఫ్ తాగిన కాఫీ

ఐన్ రుమ్మాన్, బుధవారం

మిజ్నా అక్కా,

ముందు ఈ కాగితం మీ అత్తగారి కంట పడకుండా లోపలికి తీసుకుపోయి చదువు. ఫోన్లో చెబుదామంటే ఆవిడ స్పీకరు పెట్టించి పక్కనే కూర్చుంటుంది. మధ్యలో "ఏమంటోంది మీ చెల్లెలు?" అని నిన్ను అడుగుతుంది. అందుకని పదో తరగతిదాకా నేర్చుకున్న రాతకి ఇన్నాళ్ళకి పని పెట్టాను. టమాటా లారీ ఖలీఫ్ అకాబా వస్తున్నాడు, అతనితో పంపిస్తున్నాను. అతనికి చదువు రాదు, అది మన అదృష్టం.

వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక ఆ టూరిస్టు క్యాంపు నాయిఫ్ తరఫున పెద్దమనుషులు మన గుడారానికి వస్తున్నారు. ముందు నడిచేది లోయకంతటికీ పెద్దాయన హాజీ ముత్లక్. ఏం జరుగుతుందో నీకు తెలుసు. నాన్న కాఫీ పోస్తాడు. వాళ్ళు తాగకుండా కప్పులు నేలమీద పెట్టి, ఫర్రాజ్ చావు దేవుడి రాత, ఇక్కడితో వదిలెయ్యి అని అడుగుతారు. నాన్న "తాగండి, మీ మాట చెల్లింది" అంటాడు. ఆ కాఫీ గొంతు దిగిందా, ఇంక మన తమ్ముడి గురించి ఈ లోయలో ఎవరూ నోరెత్తకూడదు. నువ్వూ ఎత్తకూడదు, నేనూ ఎత్తకూడదు. టిప్పులకి కక్కుర్తిపడి చచ్చాడన్న మాటే వాడికి మిగిలిపోతుంది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది అక్కా. ఏడాదినించీ కడుపులో పెట్టుకున్నాను. నువ్వు దూరాన ఉండి ఏడవడం తప్ప ఏం చేయగలవని చెప్పలేదు. ఆరోజు పొద్దున్నే వాడు రొట్టె కోసం నా దగ్గరికి వచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఏంట్రా, పెళ్ళికూతురు వద్దందా?" అన్నాను ఆటపట్టిస్తూ.

"షోబక్ కొండలమీద మబ్బు చూశావా? ఇవాళ అతిథుల్ని సన్నలోయలోకి తీసుకెళ్ళడం వద్దని నాయిఫ్ అన్నకి చెప్పా. వింటేనా! 'వాళ్ళు రేపు పొద్దున్నే వెళ్ళిపోతారు, అది చూపించకుండా పంపిస్తే నా క్యాంపు గురించి ఏం రాస్తారు? నీకు భయమైతే చెప్పు, రేపట్నించి మేకలు కాసుకో' అన్నాడు."

"కాసుకోరా. మేకలకేం తక్కువ?"

"మేకలెక్కడున్నాయే?" అని నవ్వాడు.

ఆ నవ్వే ఆఖరు. మేకలు లేకుండా చేసిందీ ఆ నాయిఫే కదా. పైలోయలో మన మేకలు మేస్తే అడవి కొండమేకలకి గడ్డి ఉండదు, అవి లేకపోతే దేశదేశాల అతిథులు రారు, ప్రకృతిని కాపాడితే ప్రకృతి మనకి అన్నం పెడుతుంది అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. అందరం నమ్మి అమ్ముకున్నాం. నాన్న తన మంద పోతుంటే లారీ వెనక కొంతదూరం నడిచి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి వరద వచ్చింది. ఇక్కడ ఒక్క చుక్క పడలేదు, ఎండ కాస్తూనే ఉంది. పైకొండల నీళ్ళన్నీ ఆ సన్నలోయలోకి ఒక్కసారిగా దిగాయి. ఫర్రాజ్ ముగ్గురు అతిథుల్ని రాతి అరుగుమీదికి ఎక్కించాడు. వాడు ఎక్కేలోగా అయిపోయింది. మూడోరోజున లోయ బయట, ఇసుకలో దొరికాడు. ఎడారిలో పుట్టినవాడు నీళ్ళలో మునిగి చచ్చాడు అక్కా. దీన్ని తలుచుకుంటే నాకిప్పటికీ పిచ్చెక్కుతుంది.

చావు పరామర్శల గుడారంలోనే నాయిఫ్ మొదలుపెట్టాడు. "నేను వద్దన్నాను చిన్నాన్నా, వినలేదు. టిప్పు బాగా ఇస్తామన్నారట" అని నాన్న చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. పోలీసులూ అదే రాసుకున్నారు. అతిథులకి మన భాష తెలీదు, వాళ్ళు మర్నాడే విమానం ఎక్కారు. ఆ పొద్దున ఫర్రాజ్ నాతో అన్నది నేను నాన్నకి చెప్పాను. నాన్న, "చచ్చినవాడి మాట, దానికి నువ్వొక్కతివి సాక్ష్యం. మనవాళ్ళు రెండుగా చీలిపోతారమ్మా" అన్నాడు. ఇప్పుడు ఆయన అలిసిపోయాడు. అందరూ ఇంకా "అబూ ఫర్రాజ్", ఫర్రాజ్ నాన్న, అనే పిలుస్తారు, పిలిచిన ప్రతిసారీ భుజాలు కిందికి జారతాయి. శుక్రవారం తప్పకుండా "తాగండి" అంటాడు.

నేను అననివ్వను. నాన్న చేతులు వణుకుతున్నాయని ఈమధ్య కాఫీ వేయించేదీ దంచేదీ కాచేదీ నేనే. వాగులో గన్నేరు విరగబూసి ఉంది. నిన్న ఆకులు కోసుకొచ్చి నీడన ఆరబెట్టాను. నువ్వు తిట్టు, ఏడు, ఏమైనా చెయ్యి. నేను నిర్ణయించుకున్నాను.

నీ చెల్లి,
ఫిద్దా


ఐన్ రుమ్మాన్, సోమవారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల తిట్లూ చదివాను. కొన్ని కొత్తవి ఉన్నాయి, అకాబాలో నేర్చుకున్నట్టున్నావు. కానీ నా చేతులు కట్టేసింది ఆ తిట్లు కాదు. చివర్న రాశావు చూడు, "ఓసి పిచ్చిదానా, మొదటి కప్పు పోసేవాడే తాగి చూపించాలి కదే, నాన్నని చంపుకుంటావా" అని. అక్కా, నిజంగా ఆ సంగతే మరిచిపోయాను. పుట్టినప్పట్నించీ తెరవెనక నించి చూస్తున్నదే, అతిథికి పోసేముందు నాన్న తను ఒక గుక్క తాగడం. కోపం నా కళ్ళకి అది కూడా కనపడనివ్వలేదు. ఆకులు గొయ్యితీసి పాతిపెట్టాను. చేతులు మూడుసార్లు కడుక్కుని రొట్టె చేశాను.

అలాగని కోపం పోయిందనుకోకు. అది ఎక్కడికీ పోదు. నిన్న సాయంత్రం క్యాంపుకి వెళ్ళాను.

ఇదివరకు ఎప్పుడూ లోపలికి అడుగుపెట్టలేదు. అక్కడ కరెంటు దీపాలు ఉండవు, కొవ్వొత్తులే. అతిథులకి అదే ముచ్చట. మనం కిరసనాయిలు దీపాల పొగ పీల్చి విసిగిపోయి సోలారు పలకలు కొనుక్కుంటే, వాళ్ళు అంతదూరం వచ్చి చీకట్లో కూర్చుంటారు. బొట్టు బొట్టు లెక్కపెట్టుకుని స్నానం చెయ్యమని గుడారానికో బోర్డు. మన అమ్మ బతికుంటే, ఇందుకు డబ్బులిచ్చి వస్తారా అని పడీపడీ నవ్వేది. మేకల్ని తరిమేసినచోట రాళ్ళ మధ్య కొండమేక బొమ్మ ఒకటి నిలబెట్టారు. అసలుది కనపడని రోజున దాంతో ఫోటో తీసుకుంటారట.

నాయిఫ్ పెద్ద గుడారంలో ఉన్నాడు. తెల్లటి అంగీ, నడుముకి వాళ్ళ తాత కత్తి. చుట్టూ అతిథులు. కాఫీ తంతు నడుస్తోంది. నేను తాడు దగ్గర నిలబడి మొత్తం చూశాను. రోట్లో కాఫీ దంచుతూ దరువు వేస్తాడు. ముందు మెల్లిగా, తర్వాత జోరుగా, తర్వాత రోలు అంచుకి టకటక, చివర్న రెండు బరువైన దెబ్బలు. ఆ రెండో దెబ్బ పడగానే పక్కన పోసి ఉంచిన కప్పెత్తి ఒక్క గుక్కలో తాగేసి, ఇంక చాలని కప్పు అటూ ఇటూ ఊపి, అందరికేసీ చూసి నవ్వుతాడు. చప్పట్లు. పనివాడొకడు వచ్చి దంచడం అందుకున్నాడు, ఇంకో గుంపు కోసం మళ్ళీ మొదలు. ఆ రెండు దెబ్బలు పడగానే నాయిఫ్ చెయ్యి మళ్ళీ లేచింది. అప్పుడు వాడు పక్కనున్నావిడతో అడవి కొండమేకల గురించి మాట్లాడుతున్నాడు, కప్పుకేసి చూడను కూడా లేదు.

తంతు అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"చెల్లీ! లోపలికి రావచ్చుగా, పరాయిదానిలా తాడు పట్టుకుని నిలబడ్డావేంటి?"

"నేను నీ చెల్లిని కాను. ఒక్క మాట అడగడానికి వచ్చాను. శుక్రవారం అందరి ముందూ నిజం చెప్పు. 'నేనే పంపించాను' అను. రెండే మాటలు. నాన్న కాఫీ తాగమంటాడు, నేనూ నోరు మూసుకుంటాను."

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అలా అంటే ఏమవుద్దో తెలుసా నీకు? అమ్మాన్ నించి అతిథుల్ని పంపే కంపెనీవాళ్ళు ఒక్కరోజులో క్యాంపు మూయించేస్తారు. ఇరవై ఇళ్ళు దీనిమీద బతుకుతున్నాయి. వాళ్ళ పిల్లల నోట్లో మట్టి కొట్టమంటావా?"

"నువ్వు నా తమ్ముడి నోట్లో కొట్టావుగా."

"పోయినోడు రాడు ఫిద్దా. ఉన్నవాళ్ళం బతకాలి. నువ్వూ రా, అతిథులకి రొట్టెలు చేసి చూపిద్దువుగాని. వాళ్ళకి భలే ఇష్టం."

కొట్టేదాన్నే. చెయ్యి లేచింది కూడా. ఈలోగా ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు. దారంతా పళ్ళు నూరుకుంటూ నడిచాను. సగం దారిలో ఆ దరువు నా చెవుల్లో మళ్ళీ మోగింది, మోగుతుంటే ఒక ఆలోచన తట్టింది. దాన్ని కాగితంమీద పెట్టను. గన్నేరు కాదులే, భయపడకు. ఎవరికీ వెంట్రుక కూడా ఊడదు. కానీ శుక్రవారం నాయిఫ్ మన గుడారంలోంచి తలెత్తుకుని బయటికి పోడు.

కోపంతో,
నీ ఫిద్దా


ఐన్ రుమ్మాన్, శనివారం

అక్కా,

అయిపోయింది! నీకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలీడం లేదు. నిన్నటినించీ నవ్వొస్తోంది, మధ్యలో ఏడుపొస్తోంది. నాన్న నాకేసి అనుమానంగా చూస్తున్నాడు.

నాలుగు కార్లలో వచ్చారు. హాజీ ముత్లక్ ముందు, గడ్డం నడుందాకా. ఆయన వెనక లోయలోని పెద్దలందరూ. మన గుడారం మగవాళ్ళ వైపు నిండిపోయింది. నాయిఫ్ హాజీ పక్కనే తల దించుకుని కూర్చున్నాడు. నేను తెరకి ఇవతల ఉన్నాను. తెరకి చిన్న చిరుగు ఉంది, చిన్నప్పుడు మనిద్దరం వేలుపెట్టి పెద్దది చేసిందే. దానికి కన్ను ఆనించాను.

నాన్న తను ఒక గుక్క కాఫీ తాగి, అందరికీ పోశాడు. ఒక్క చుక్క ఒలకలేదు. హాజీ ముత్లక్ తన కప్పు నేలమీద పెట్టాడు. అందరూ పెట్టారు. నాయిఫ్ కూడా పెట్టాడు. హాజీ మాట్లాడుతున్నంతసేపూ నాయిఫ్ వేళ్ళు ఆ కప్పు అంచుని తడుముతూనే ఉన్నాయి.

"అబూ ఫర్రాజ్, నీ కాఫీ నీ మాట కోసం ఆగింది. మాలో ఎవరమూ ముట్టం. నీ కొడుకు మా అందరి కొడుకు. ఆ రోజు జరిగింది దేవుడి రాత. పడుచువాడు, తొందరపడ్డాడు. నాయిఫ్ తప్పేమీ లేకపోయినా, తన దగ్గర పనిచేసేవాడు పోయాడని బాధపడి నీ గడపకి వచ్చాడు. మా మొహాలు చూసి..."

పడుచువాడు తొందరపడ్డాడట! విన్నావా? నాన్న గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు తర్వాత ఏ మాట వస్తుందో నాకు తెలుసు. ఇంక ఆగలేదు. ముందే గింజలు పోసి పెట్టుకున్న రోలు దగ్గరికి లాక్కుని రోకలి ఎత్తాను.

మెల్లిగా మొదలుపెట్టాను. రెండో కుండకి ఆడవాళ్ళు దంచుతున్నారనుకున్నారు అందరూ. నాన్న విసుగ్గా తెరకేసి చూశాడు కానీ ఏమీ అనలేదు, పెద్దలముందు కూతుర్ని కసరడం బాగుండదు కదా. జోరు పెంచాను. నాయిఫ్ మోకాలు కదలడం మొదలైంది. రోలు అంచుకి టకటక కొట్టాను. హాజీ ఇంకా మాట్లాడుతున్నాడు, వాడు ఆయనకేసే చూస్తూ తలూపుతున్నాడు, చెయ్యి మాత్రం కప్పుని పట్టుకుంది. అప్పుడు రెండు దెబ్బలు వేశాను అక్కా. ఒకటి. రెండు.

తాగేశాడు. ఒక్క గుక్కలో. అక్కడితో ఆగినా బాగుండేది, కప్పు అటూ ఇటూ ఊపి, మొహంమీద ఆ క్యాంపు నవ్వు కూడా పెట్టాడు!

నాయిఫ్ ఖాళీ కప్పుకేసి చూసుకున్నాడు. నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని ఎలా తియ్యాలో తెలీనట్టు. నేను నోట్లో ముసుగు కొంగు కుక్కుకున్నాను.

నాన్న మెల్లిగా అన్నాడు, "హాజీ, మీరింకా అడగనేలేదు. మీవాడు తాగేశాడు. కాఫీ కోసమే వచ్చాడేమో, అడగాల్సిందేమీ లేదేమో."

"అలవాటు చిన్నాన్నా! పొరపాటు! ఆ దరువు..."

"దరువేంట్రా?" హాజీ ముత్లక్ లేచి నిలబడ్డాడు. ఆయన మొహం చూడాల్సింది నువ్వు. "కొడుకుని పోగొట్టుకున్నవాడి ఇంట్లో, వాడు ఊ అనకముందే గుటుక్కుమనిపించావా? ఈ తెల్లగడ్డాన్ని నీ కాఫీకి తోడు తెచ్చుకున్నావా? అరవై ఏళ్ళలో నాకీ తలవంపు రాలేదు. అబూ ఫర్రాజ్, క్షమించు. ఈసారి నా అంతట నేను రాను. నీ ఇంటివాళ్ళకి ఏం కావాలో అది వీడి నోటితో చెప్పిస్తేనే వస్తాను."

కార్లు వెళ్ళిపోయాయి. నాయిఫ్ ఆఖరి కారులో ఒక్కడే కూర్చున్నాడు, పక్కన ఎవరూ ఎక్కలేదు. నాన్న తెర పక్కకి తీసి నా ముందు కూర్చున్నాడు. రోలుకేసి చూశాడు, నాకేసి చూశాడు.

"ఆ దరువు మన ఇంటిది కాదు" అన్నాడు.

"కాదు నాన్నా."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"క్యాంపులో."

ఆయన నవ్వాడు. ఏడాది తర్వాత మొదటిసారి, పళ్ళు కనపడేలా. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "నేను అలిసిపోయి వాణ్ణి వదిలేద్దామనుకున్నాను. తండ్రినై ఉండి అలా అనుకున్నాను. ఇంక నేను మాట్లాడను. వాళ్ళు మళ్ళీ వస్తే నువ్వేమంటే అదే" అన్నాడు. ఆ మాట విన్నాక నేను చాలాసేపు ఏడ్చాను.

క్యాంపులో అప్పుడే ముగ్గురు పని మానేశారట. హాజీ వద్దన్నచోట ఎవరు పనిచేస్తారు? ఖలీఫ్ లారీ హారన్ కొడుతున్నాడు, ఇక్కడితో ఆపుతాను.

సంతోషంగా,
నీ ఫిద్దా


ఐన్ రుమ్మాన్, ఆదివారం

అక్కా,

నువ్వు అడిగినవాటికన్నిటికీ ఈ ఉత్తరంలో జవాబుంది. ఓపిగ్గా చదువు.

మొన్న గురువారం మళ్ళీ వచ్చారు. ఈసారి హాజీ ముత్లక్ వెనక కూర్చున్నాడు, నాయిఫ్‌ని ముందు కూర్చోబెట్టాడు. క్యాంపు మూడువారాలుగా బోసిపోయింది, వంట చేసేవాడు కూడా లేక నాయిఫ్ తనే అతిథులకి గుడ్లు వేయించి పెడుతున్నాడని చెప్పుకున్నారు. గడ్డం మాసింది. నాన్న పోసిన కప్పుని రెండు చేతులతో దూరంగా పెట్టాడు, అది తనని కరుస్తుందన్నట్టు. నేను ఈసారి రోలు ముట్టలేదు.

"ఫర్రాజ్ వద్దన్నాడు" అన్నాడు నాయిఫ్. గొణిగినట్టే ఉంది, హాజీ వెనకనించి "గట్టిగా" అన్నాడు. "మబ్బు ఉంది, వద్దన్నాడు. నేనే పంపించాను. వెళ్ళకపోతే పని తీసేస్తానన్నాను. టిప్పులమాట నేను కల్పించింది. వాడు తీసుకోలేదు, వాళ్ళు ఇస్తామననూ లేదు."

అక్కా, ఆ గుడారంలో అంతమంది మగవాళ్ళున్నారు, వాళ్ళలో సగం మంది మన తమ్ముణ్ణి ఆశపోతు అన్నవాళ్ళే. ఒక్కొక్కరూ తలలు దించుకుంటుంటే చిరుగులోంచి ఒక్కొక్కర్నీ చూశాను. తనివితీరా చూశాను. నాన్న కళ్ళు మూసుకుని వింటున్నాడు. తర్వాత, కాఫీ తాగమనకుండా, తెరకేసి తిరిగాడు.

"ఫిద్దా, విన్నావా?"

మగవాళ్ళ పంచాయతీలో ఆడపిల్లని అడగడం ఎవరూ ఎరగరు. ఎవరో దగ్గారు. హాజీ చెయ్యెత్తి వాళ్ళని ఆపాడు.

"విన్నాను నాన్నా" అన్నాను.

"ఏమంటావు?"

నేను వెంటనే ఏమీ అనలేదు. ఎందుకనాలి? నేను ఏడాది కాచుకున్నాను. నాయిఫ్ ముందున్న కప్పులో ఆవిరి ఆగిపోయేదాకా ఊరుకున్నాను. వాడి చెంపమీంచి చెమట కారుతోంది. అప్పుడన్నాను.

"ఇది పదిమందికి చెప్పాడు. చాలదు. వాడు రోజూ సాయంత్రం కొవ్వొత్తులు పెట్టుకుని ఎక్కడెక్కడివాళ్ళకో మన కాఫీ తాగించి కథలు చెబుతాడు కదా. ఇకనించి కాఫీకి ముందు ఇదీ చెప్పాలి. ఫర్రాజ్ పేరు చెప్పాలి, వద్దన్నాడని చెప్పాలి, తనే పంపించానని చెప్పాలి. మన భాషలో ఒకసారి, వాళ్ళ భాషలో ఒకసారి. క్యాంపు ఉన్నన్నాళ్ళూ. ఒప్పుకుంటే తాగమనండి."

"రోజూనా?" అన్నాడు నాయిఫ్. మొహం పాలిపోయింది.

"అతిథులు రాని రోజు మానెయ్."

హాజీ ముత్లక్ గడ్డం నిమురుకుని, "సబబుగానే ఉంది" అన్నాడు. నాయిఫ్ తల ఊపాడు. నాన్న "తాగు, నీ మాట చెల్లింది" అన్నాడు. వేడిది పోయబోతే నేను తెరవెనకనించి, "అక్కర్లేదు నాన్నా, అదే తాగుతాడు" అన్నాను. చల్లారింది, అడుగున మడ్డి పేరింది. ఆఖరి చుక్కదాకా తాగాడు. కప్పు ఊపలేదు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ శుక్రవారం సాయంత్రం నాన్నతో కలిసి క్యాంపుకి వెళ్ళాను. మాట నిలబెడతాడో లేదో చూడాలి కదా. కొత్త గుంపు వచ్చింది. నాయిఫ్ అంగీ వేసుకుని నిలబడ్డాడు. మొదట మన భాషలో చెప్పాడు, మళ్ళీ పనిలో చేరినవాళ్ళు వంటపాకలోంచి వచ్చి విన్నారు. తర్వాత వాళ్ళ భాషలో చెప్పాడు. నాకు కొంతే అర్థమైంది, ఫర్రాజ్ పేరు మాత్రం మూడుసార్లు వినపడింది. చెప్పడం అయ్యింది.

వాళ్ళు చప్పట్లు కొట్టారు అక్కా.

తంతులో భాగమనుకున్నారు! కొండమేక, కొవ్వొత్తి, కాఫీ, వాటితోపాటు మన తమ్ముడి చావు. నేనే వాణ్ణి వాళ్ళ చేతికి ఇచ్చేశానా అనిపించింది. నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. పదమ్మా పోదాం అన్నాడు.

అప్పుడు నాయిఫ్ కేకేశాడు. వాళ్ళ భాషలో ఏదో అరిచాడు, చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి. మళ్ళీ మన భాషలో, ఎవరికి చెబుతున్నాడో తెలీకుండా, "కొట్టకండి! వాడు నా తమ్ముడు! కథ కాదు!" అన్నాడు. తెల్లజుట్టున్న ఒకావిడ లేచి, నిజమేనా అన్నట్టు అడిగింది. వాడు అవునని తలూపి అక్కడే కూలబడి మొహం కప్పుకున్నాడు. ఆ సాయంత్రం కాఫీ ఎవరూ దంచలేదు. అతిథులు ఒక్కొక్కరే లేచి, చప్పుడు చెయ్యకుండా గుడారాల్లోకి వెళ్ళిపోయారు.

నీకు అబద్ధం చెప్పను, చూసి జాలిపడ్డానని రాయను. బాగా అయ్యిందనుకున్నాను. వాడు ఏడ్చింది కూడా ఫర్రాజ్ కోసమో, తన పరువు కోసమో నాకు తెలీదు. ఇంటికొచ్చి పడుకుంటే మాత్రం వెంటనే నిద్ర పట్టింది. ఏడాదిగా అలా పట్టలేదు.

ఇవాళ పొద్దున్న నాన్న పాలకని అట్టేపెట్టుకున్న నాలుగు మేకల్ని తోలుకెళ్ళాక నాయిఫ్ వచ్చాడు, ఒక్కడే. మగవాళ్ళ వైపు రాలేదు. నేను రొట్టె కాలుస్తున్నచోటికి వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"ఫిద్దా, నిన్న కూడా చెప్పాను. నిన్న కూడా చప్పట్లు కొట్టారు. నేను ఆపితే, ఆపడం కూడా ఆటలో భాగమనుకుని ఇంకా కొట్టారు. ఇంక నావల్ల కాదు. లోయలో అందరికీ తెలిసిపోయింది, వాడి పేరు నిలబడింది. నీకు కావాల్సింది అదే కదా. నన్ను వదిలెయ్యమ్మా."

నేను రొట్టె తిరగేశాను. రెండోవైపు కాలేదాకా చూశాను.

"ఇవాళ కొత్తవాళ్ళు వస్తున్నారా?" అన్నాను.

"సాయంత్రానికి వస్తారు."

"వాళ్ళకి ఫర్రాజ్ ఎవరో తెలుసా?"

"తెలీదు."

"అయితే చెప్పు."

ఉంటాను అక్కా,
ఫర్రాజ్ అక్క,
ఫిద్దా